యుద్ధానికి ఒక మెట్టు దిగువన

శ్రోతలకు నమస్కారం.

2024 జూన్ 17న దక్షిణ చైనా సముద్రంలో ఫిలిప్పీన్స్ నావికుడొకరు చేతి బొటనవేలు పోగొట్టుకున్నాడు. అక్కడ ఒక దిబ్బ మీద కాపలా ఉన్న తమ సైనికులకు సరుకులు చేరవేస్తున్న రబ్బరు పడవలను చైనా కోస్ట్ గార్డ్ చుట్టుముట్టింది. వాళ్ల చేతుల్లో గొడ్డళ్లు, కత్తులు ఉన్నాయి. పడవలను పొడిచారు, సామాను లాక్కున్నారు. ఒక చైనా పడవ వేగంగా వచ్చి గుద్దినప్పుడు ఆ నావికుడి వేలు తెగింది. తుపాకీ మాత్రం ఒక్కటీ పేలలేదు.

ఫిలిప్పీన్స్‌కు, అమెరికాకు మధ్య 1951 ఆగస్టు 30న సంతకాలైన పరస్పర రక్షణ ఒడంబడిక ఉంది. పసిఫిక్ ప్రాంతంలో ఇద్దరిలో ఎవరి మీద సాయుధ దాడి జరిగినా అది తనకూ ప్రమాదమేనని రెండోవారు భావించి, కలిసి ఎదుర్కోవాలి. మరి జూన్ 17న జరిగింది సాయుధ దాడేనా? మనీలాలో ఒక సీనియర్ అధికారి మొదట అది పొరపాటో ప్రమాదమో అయి ఉంటుందన్నారు. రక్షణ మంత్రి ఒప్పుకోలేదు, కావాలనే చేశారన్నారు. చివరికి అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్ తేల్చి చెప్పారు: ఇది ఉద్దేశపూర్వకంగా, చట్టవిరుద్ధంగా చేసిన పనే, అయితే సాయుధ దాడి మాత్రం కాదు.

ఈ ప్రసంగంలో నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండింటి మధ్య ఉన్న జాగా గురించే. అమెరికా, చైనాల పోటీ అనగానే మనకు విమానవాహక నౌకలు, అణ్వస్త్రాలు గుర్తుకొస్తాయి. ఆ పోటీ మధ్యలో ఇరుక్కున్న చిన్న దేశానికి రోజూ ఎదురయ్యేవి వేరు. వాటర్ క్యానన్లు, దారికి అడ్డంగా నిలిచే నౌకలు, కళ్లు చెదిరేలా కొట్టే లేజర్ కాంతి. 2024 మార్చిలో ఒక చెక్క సరుకుల పడవ మీద వాటర్ క్యానన్ కొడితే ముందు అద్దం పగిలి నలుగురు నావికులు గాయపడ్డారు. ఏదీ యుద్ధం కాదు. అన్నీ కలిపి చూస్తే చాపకింద నీరులా సముద్రం చేతులు మారిపోతుంది.

ఇంతకీ ఆ సరుకులు ఎక్కడికి? పలావాన్ దీవికి సుమారు 195 కిలోమీటర్ల దూరంలో, ఫిలిప్పీన్స్ ప్రజలు అయుంగిన్ అని పిలుచుకునే పగడపు దిబ్బ ఉంది. అక్కడ సియెర్రా మాద్రె అనే పాత నౌక ఇసుకలో కూరుకుపోయి ఉంది. 1944లో రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో కట్టారు. ట్యాంకులను ఒడ్డుకు చేర్చే నౌక, పొడవు వంద మీటర్లు. 1999లో ఫిలిప్పీన్స్ నౌకాదళం దాన్ని కావాలనే అక్కడ నేలకెక్కించి వదిలేసింది. నాలుగేళ్ల ముందు, 1995లో, దగ్గరలోని మిస్చిఫ్ దిబ్బను చైనా ఆక్రమించుకుంది. దానికి ఇచ్చిన జవాబు ఇది. నౌక గోడలకు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. కొద్దిమంది మెరైన్లు అందులోనే ఉంటూ, సరుకులు ఆలస్యమైతే చేపలు పట్టుకుని తింటూ కాపలా కాస్తున్నారు.

ఆ తుప్పు నౌకను నౌకాదళం జాబితాలోంచి ఇంతవరకూ తీసేయలేదు. అందులోనే కిటుకంతా ఉంది. ఒడంబడికలోని ఐదో అధికరణం సైన్యాల మీద, ప్రభుత్వ నౌకల మీద జరిగే దాడిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. సియెర్రా మాద్రె మీద ఒక్క ఫిరంగి గుండు పడినా అమెరికా కదలాల్సి వస్తుంది. అందుకే చైనా ఆ నౌక జోలికి పోకుండా దానికి వెళ్లే బియ్యాన్నీ నీళ్లనూ ఆపుతుంది. మరమ్మతు సామాను అసలే వెళ్లనివ్వకూడదని చూస్తుంది. వేలు తెగిన ఘటన తర్వాత, 2024 జూలైలో, సరుకుల విషయంలో రెండు దేశాల మధ్య తాత్కాలిక అవగాహన కుదిరింది. అప్పటినుంచి పడవలు చాలావరకు గొడవ లేకుండా వెళ్లి వస్తున్నాయి.

స్కార్‌బరో దిబ్బ దగ్గర కథ ఇలా జరగలేదు. ఫిలిప్పీన్స్ ప్రధాన దీవి లూజాన్ పడమటి తీరానికి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దిబ్బ, ఆ తీరంలోని మసిన్లోక్ చుట్టుపక్కల జాలర్లకు తాతముత్తాతల నాటి వేట చోటు. తుపాను వస్తే వాళ్ల పడవలు దాని లోపలి మడుగులోకి వెళ్లి తలదాచుకునేవి. 2012 ఏప్రిల్‌లో అక్కడ చైనా, ఫిలిప్పీన్స్ నౌకలు ఎదురెదురుగా మోహరించాయి. చైనా రేవుల్లో ఫిలిప్పీన్స్ అరటిపళ్లు తనిఖీల పేరిట నిలిచిపోయి కుళ్లిపోయాయి. జూన్‌లో అమెరికా మధ్యవర్తిత్వంతో ఇద్దరూ వెనక్కి తగ్గాలని అనుకున్నారు. ఫిలిప్పీన్స్ నౌకలు వెళ్లిపోయాయి. చైనా నౌకలు ఉండిపోయాయి. ఒడంబడిక కాగితం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దిబ్బ మాత్రం పోయింది. 2016 జూలై 12న హేగ్‌లోని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్, ఆ సముద్రంలో చాలాభాగం తనదేనంటూ చైనా గీసుకున్న తొమ్మిది గీతల సరిహద్దుకు చట్టపరంగా ఆధారం లేదని తీర్పు చెప్పింది. చైనా ఆ తీర్పును పక్కన పెట్టేసింది.

పొత్తు ఉంటే చాలనుకునే వాళ్లకూ, పొత్తే వద్దనే వాళ్లకూ ఈ రెండు దిబ్బలను చూపించాలని నాకు అనిపిస్తుంది. తమ మనుషులు నిలబడ్డ చోట ఒడంబడిక పనిచేసింది. మనుషులు వెనక్కి వచ్చేసిన చోట పనిచేయలేదు.

ఫిలిప్పీన్స్ ఈ పాఠాన్ని తేలిగ్గా నేర్చుకోలేదు. 1991 సెప్టెంబరు 16న ఆ దేశ సెనేట్ 12-11 ఓట్లతో అమెరికా స్థావరాల గడువు పొడిగింపును తిరస్కరించింది. ఆ జూన్‌లోనే పినటుబో అగ్నిపర్వతం పేలి క్లార్క్ వైమానిక స్థావరం బూడిదలో మునిగింది. మరుసటి ఏడాది నవంబరులో సుబిక్ బేను అమెరికా నౌకాదళం ఖాళీ చేసింది. ఆ పన్నెండు మంది సెనేటర్లది తప్పని నేను అనను. దాదాపు యాభై ఏళ్లు అమెరికా వలసగా ఉన్న దేశం తన నేల తనకే కావాలనుకుంది. అయితే ఖాళీ అయిన చోటును సొంత నౌకాదళంతో నింపుకోలేదు. నాలుగేళ్లు తిరక్కముందే మిస్చిఫ్ పోయింది.

తర్వాత అధ్యక్షుడైన రోడ్రిగో దుతెర్తె 2016లో బీజింగ్ వెళ్లి అమెరికా నుంచి విడిపోతున్నామని ప్రకటించారు. హేగ్ తీర్పును పక్కన పెట్టి పెట్టుబడులు అడిగారు. సముద్రంలో వేధింపులు మాత్రం ఆగలేదు. మార్కోస్ వచ్చాక గాలి మళ్లింది. అమెరికా సేనలు వాడుకునే స్థావరాలు 2023లో ఐదు నుంచి తొమ్మిదికి పెరిగాయి. అదే ఏడాది మే నెలలో, దక్షిణ చైనా సముద్రంలో ఎక్కడైనా కోస్ట్ గార్డ్ మీద సాయుధ దాడి జరిగినా ఒడంబడిక వర్తిస్తుందని రెండు దేశాలూ రాసుకున్నాయి.

దీనికి మూల్యం ఉంది. కొత్త స్థావరాల్లో మూడు ఉత్తర లూజాన్‌లో, తైవాన్ వైపు ఉన్నాయి. ఇంకా ఉత్తరాన ఉన్న బతానెస్ దీవుల నుంచి తైవాన్ 200 కిలోమీటర్ల లోపే. 2025లో రెండు దేశాల ఉమ్మడి సైనిక విన్యాసాల్లో అమెరికా మెరైన్లు నౌకా విధ్వంసక క్షిపణి వాహనాన్ని అక్కడికి తెచ్చారు. జాలరి కోసం మొదలైన రక్షణ, ఎవరిదో తైవాన్ యుద్ధంలోకి లాగుతుందేమోనన్న భయం ఆ దీవుల్లో ఉంది, అది ఉత్త భయం కాదు. తైవాన్‌లో సుమారు లక్షన్నర మంది ఫిలిప్పీన్స్ కార్మికులు పనిచేస్తున్నారు. 1990లో కువైట్ మీద ఇరాక్ దండెత్తినప్పుడు మన కడప జిల్లాలోనూ గోదావరి జిల్లాల్లోనూ ఎన్ని ఇళ్లు రేడియోకు చెవి ఒగ్గి కూర్చున్నాయో తెలిసిన వాళ్లకు ఆ లెక్క ఎంత బరువైందో వేరే చెప్పనక్కర్లేదు.

మార్కోస్ ప్రభుత్వం చేసిన వాటిలో నాకు అన్నింటికంటే తెలివైనదిగా తోచేది ఖర్చు తక్కువ పని. 2023 నుంచి కోస్ట్ గార్డ్ తన నౌకల మీదికి విలేకరులను ఎక్కించుకుని వెళ్తోంది. చైనా నౌక నీళ్లు కొట్టిన ప్రతిసారీ ఆ దృశ్యం సాయంత్రానికల్లా ప్రపంచమంతా చూస్తుంది. 2025 ఆగస్టు 11న స్కార్‌బరో దగ్గర ఫిలిప్పీన్స్ కోస్ట్ గార్డ్ నౌకను తరుముతూ ఒక చైనా యుద్ధనౌక, చైనా కోస్ట్ గార్డ్ నౌక ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. కెమెరా లేకపోతే ఆ సంగతి సముద్రంలోనే కలిసిపోయేది.

రెండోది, స్నేహితులను పెంచుకోవడం. జపాన్ ఇచ్చిన అప్పుతో జపాన్‌లోనే కట్టిన 97 మీటర్ల గస్తీ నౌకలు ఇప్పుడు ఫిలిప్పీన్స్ కోస్ట్ గార్డ్‌కు వెన్నెముక. రెండు దేశాల సైన్యాలు ఒకరి గడ్డ మీదికి ఒకరు వచ్చి శిక్షణ పొందే ఒప్పందం 2024 జూలైలో కుదిరింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆక్రమించిన మనీలా నాశనాన్ని కళ్లారా చూసిన తరం పూర్తిగా కనుమరుగు కాకముందే ఇది జరిగింది.

మన దేశం సంగతికి వస్తాను. 2022 జనవరిలో ఫిలిప్పీన్స్ సుమారు 37.5 కోట్ల డాలర్లకు బ్రహ్మోస్ క్షిపణులు కొంది. హైదరాబాద్‌లో కూర్పు కేంద్రం ఉన్న బ్రహ్మోస్‌కు అదే మొదటి విదేశీ ఒప్పందం. 2024 ఏప్రిల్ 19న మన వాయుసేన విమానం మొదటి విడత తీసుకుని క్లార్క్‌లో దిగింది. ఒకప్పుడు అమెరికన్లు బూడిదలో వదిలి వెళ్లిన క్లార్కే అది. అమెరికా మిత్రదేశం, రష్యాతో కలిసి భారత్ చేసిన క్షిపణిని కొనుక్కుంది. దాని పరిధి 290 కిలోమీటర్లు. లూజాన్ తీరాన నిలబెడితే స్కార్‌బరో దాని చేతికి అందుతుంది.

2025 ఆగస్టు 3, 4 తేదీల్లో విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ ఢిల్లీ, శక్తి, కిల్తాన్ నౌకలు ఫిలిప్పీన్స్ నౌకలతో కలిసి దక్షిణ చైనా సముద్రంలో ప్రయాణించాయి. రెండు దేశాల మధ్య అలాంటిది అదే మొదటిసారి. చైనా సైన్యం ఆ రెండు రోజులూ తన గస్తీ తాను చేసి, ఫిలిప్పీన్స్ బయటివాళ్లను పిలుచుకొస్తోందని ఆక్షేపించింది. మనకు మనీలాతో రక్షణ ఒడంబడిక లేదు. రేపు అక్కడ తుపాకి పేలితే మన నౌక వెళ్లి నిలబడుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ఆ ప్రయాణానికి విలువ లేదని నేను అనుకోవడం లేదు. తుపాకీ పేలని రోజుల్లోనే కదా ఆ సముద్రం ఎవరిదో తేలుతున్నది.

ఇప్పుడు చూడాల్సింది ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ వైపు. ఆ కూటమికి, చైనాకు మధ్య దక్షిణ చైనా సముద్ర ప్రవర్తనా నియమావళి గురించి 2002 నుంచీ మాటలు సాగుతున్నాయి. 2026లో ఆసియాన్ అధ్యక్షత ఫిలిప్పీన్స్‌దే, ఆ ఏడాదే ముగించాలని మనీలా పట్టుబట్టింది. 2018 నాటి ఉమ్మడి ముసాయిదాలో చైనా ఒక నిబంధన ప్రతిపాదించింది. బయటి దేశాలతో కలిసి సైనిక విన్యాసాలు చేయాలంటే సంబంధిత పక్షాలకు ముందుగా చెప్పాలి, వాటిలో ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. ఆ వాక్యం నియమావళిలోకి చేరితే, విశాఖ నుంచి వెళ్లే నౌకలతో మనీలా మళ్లీ అలాంటి విన్యాసం చేయాలన్నా బీజింగ్ సరే అనాలి.