సాంబారు కవరు నుంచి రక్తం సంచి దాకా

వ్యాఖ్యాత: నిన్న టిఫిన్ సెంటర్లో వేడి సాంబారు కవర్లో కట్టించుకొచ్చాను. మా ఆవిడ తిట్టింది. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే ప్లాస్టిసైజర్లు సాంబారులోకి దిగుతాయట. నిజమేనా సార్?

పాలిమర్ ఇంజినీర్: తిట్టడం న్యాయమే, కారణమే వేరు. ఆ కవరు పాలిథీన్. మెత్తదనం దానికి పుట్టుకతోనే ఉంటుంది, ఏమీ కలపక్కర్లేదు. కాకపోతే రీసైకిల్ చేసిన కవరైతే అందులో ఏముందో ఎవరూ చెప్పలేరు. ప్లాస్టిసైజర్లు కావాల్సింది పీవీసీకి. అది స్వతహాగా నీళ్ల పైపులా గట్టిది. రెక్సిన్‌లా, రెయిన్‌కోటులా మెత్తబడాలంటే థాలేట్లనే నూనెలాంటి ద్రవాలు కలుపుతారు. అవి ప్లాస్టిక్‌కి అతుక్కుపోవు. వేడికో, నూనెకో, కాలంతోనో బయటికొస్తాయి. పాత సీటు కవరు పెళుసెక్కేది చాలావరకు అందుకే.

వ్యాఖ్యాత: ఒంట్లోకి వెళ్తే ఏమవుతుంది మేడమ్?

పిల్లల డాక్టర్: థాలేట్లలో ఎక్కువగా వాడిన డీఈహెచ్‌పీని ఎలుకల మీద పరీక్షిస్తే, కడుపులో ఉన్న మగ ఎలుకపిల్లల్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను తగ్గింది. మనుషుల్లో కొన్ని సమస్యలతో సంబంధం కనిపిస్తోంది గానీ ఇదే కారణమని అన్నిటికీ తేలలేదు. ఇవి ఒంట్లో పేరుకోవు, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు మూత్రంలో పోతాయి. కానీ రోజూ మళ్లీ లోపలికి పోతూనే ఉంటాయి కదా!

వ్యాఖ్యాత: మరి పూర్తిగా నిషేధించేస్తే?

డాక్టర్: రక్తం సంచినేం చేస్తారు? దాన్ని మెత్తగా ఉంచేదీ డీఈహెచ్‌పీయే. అది కాస్త రక్తంలోకి దిగి, నిల్వలో ఎర్రకణాలు పగలకుండా కాపాడుతుంది కూడా. నా దిగులంతా నెలలు నిండని పసికందుల గురించే. అంత చిన్న ఒంటికి రక్తం, సెలైన్, ట్యూబులు, అన్నీ ఒకేసారి.

ఇంజినీర్: డీఈహెచ్‌పీ లేని ట్యూబులు దొరుకుతున్నాయి మేడమ్.

డాక్టర్: దొరుకుతాయి సార్. ఆస్పత్రి టెండర్లో ఆ మాట రాయాలిగా!

వ్యాఖ్యాత: బొమ్మల సంగతేమిటి?

ఇంజినీర్: పిల్లల బొమ్మల్లో డీఈహెచ్‌పీ 0.1 శాతం మించకూడదని అమెరికా 2008లోనే చట్టం చేసింది. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. తిరునాళ్లలో బొమ్మ కొనేటప్పుడు మార్కు వెతికినవాళ్లని నేనైతే చూడలేదు.

వ్యాఖ్యాత: మా పాప నమిలే మెత్తటి బాతుబొమ్మకి వాసనేం లేదు మరి.

డాక్టర్: థాలేట్లకి పెద్దగా వాసనుండదు. మార్కుందా?

వ్యాఖ్యాత: లేదు మేడమ్. తీసేస్తే ఏడుస్తుంది.

డాక్టర్: ఏడవనివ్వండి. స్టీలు గ్లాసు, గరిటె చేతికివ్వండి. మీ చెవులకే కష్టం.