కొత్తిమీర కట్టకో బండి

అందరికీ నమస్కారం. నిన్న పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా మన గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ గంటలో బి బ్లాక్‌లో ఒకే ఇంటికి, నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే యాప్‌ల డెలివరీ బండ్లు మూడు వచ్చాయి. మొదట పాలు, కాసేపటికి కొత్తిమీర, ఆ తర్వాత పచ్చిమిర్చి. కొత్తిమీర ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరు మళ్లీ కాగితం సంచిలో. మా ఇంట్లోనూ ఇదే వరస, అందుకే ఎవరినీ తప్పుపట్టను.

ఆ కట్ట సంగతే లెక్క వేశాను. డార్క్ స్టోర్, అంటే ఆ యాప్‌ల ఆర్డర్లకే సరుకు పెట్టుకునే గోదాము, మనకు రెండు కిలోమీటర్లు. రానూపోనూ నాలుగు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి 80 మిల్లీలీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక్క కట్టకు 180 గ్రాములకు పైనే! కట్ట కూడా అంత తూగదేమో.

కారేసుకుని సూపర్ మార్కెట్‌కు వెళ్లడం కన్నా ఇది నయం కదా అని మొన్న ఒకరన్నారు. కారు తీసేవాళ్ల విషయంలో నిజమే. కానీ కొత్తిమీర కోసం మనం కారు ఎప్పుడు తీశాం? సందు చివరి కొట్టుకు నడిచే వెళ్లేవాళ్లం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తొందర. పది నిమిషాల్లో ఇవ్వాలంటే పక్క ఫ్లాట్ ఆర్డర్ కోసం రైడర్ ఆగలేడు. అరగంట ఆగుతామంటే మన నాలుగు ఇళ్ల సంచులూ ఒకే బండి మీద రావచ్చు. సిగ్నల్ దగ్గర ఆ కుర్రాడికి టెన్షన్ కూడా తగ్గుతుంది. యాప్‌లో "ఆలస్యమైనా ఫర్వాలేదు, కలిపి తెండి" అనే బటన్ పెట్టమని కంపెనీలను గట్టిగా అడగాలి.

ఇక బండ్లు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే అయినా, కిలోమీటరు లెక్కన చూస్తే ఎలక్ట్రిక్ బండి వల్ల వచ్చే కార్బన్ పెట్రోలు బండిలో దాదాపు సగమే. ఇలాంటి యాప్‌ల బండ్లన్నీ 2030 ఏప్రిల్ 1 కల్లా ఎలక్ట్రిక్ కావాలని ఢిల్లీ ప్రభుత్వం 2023లోనే నిబంధన పెట్టింది. తెలంగాణ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసింది. మంచి పనే. కానీ రాయితీతో పాటు గడువు కూడా కావాలి. అర్జీ రాసి తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. చదివి సంతకం పెట్టండి.

గేటు పక్కన వాడని ప్లగ్ పాయింట్ ఒకటుంది. దాన్ని రైడర్ల చార్జింగ్‌కు ఇద్దామంటాను. విడిగా మీటరు పెట్టాలా వద్దా, ఇప్పుడే తేల్చుకుందాం.