పెరట్లో మాంసం కోళ్ల సంకరం: పిల్లల్ని తినండి, తల్లిదండ్రుల్ని దాచుకోండి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు వచ్చేయండి, ఈ ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు అక్కడిదాకా రాదు.

పెరటి కోళ్లు పెంచేవాళ్లు నలుగురు కలిస్తే వచ్చే మాట ఒకటే. నాటుకోడి రుచి ఉండాలి, బ్రాయిలర్‌లా గబగబా బరువు రావాలి, ఏ పుంజుని ఏ పెట్టల్లో వదలాలో చెప్పండి అంటారు. సూటిగా చెప్పేస్తాను, ఆ రెండూ పూర్తిగా ఒకే కోడిలో రావు. బ్రాయిలర్ 6 వారాలకే 2 కిలోలు దాటుతుంది, అంత లేత మాంసానికి రుచి ఎక్కడిది? తిరిగి, నేల గీరి, పురుగూ పుట్రా తిని నాలుగైదు నెలలు బతికితేనే కండ గట్టిపడి మనం కోరుకునే రుచి వస్తుంది. కాబట్టి మధ్యలో ఎక్కడో ఆగాలి. నాలుగైదు నెలలకు కిలోన్నర తూగి, గద్ద నీడ పడితే పరిగెత్తగలిగి, తవుడు, నూకలు వేస్తే మిగతాది బయట తిరిగి సంపాదించుకునే కోడి చాలు మనకి. అది సంకరంతో వస్తుంది, రావడం పెద్ద కష్టం కూడా కాదు. ఆ తరవాతి ఏడాది మీ పెరట్లో ఏం మిగులుతుందన్నదే అసలు గొడవ, ఇవాళ ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

ముందు కొంచెం పాత సంగతి. ఇంగ్లండులో కార్న్‌వాల్ అని ఒక ప్రాంతం ఉంది. 19వ శతాబ్దంలో మన దేశం నుంచి తీసుకెళ్లిన అసీల్ అనే పందెం కోళ్లని అక్కడివాళ్లు వేరే పందెం జాతులతో కలిపారు. పుట్టినవి పందేనికి ఎందుకూ పనికిరాలేదు, ఛాతీ మాత్రం బాగా వెడల్పుగా వచ్చింది. దానికి ఇండియన్ గేమ్ అని పేరు పెట్టారు, అదే తరవాత కార్నిష్ అయింది. ఇక అమెరికాలో 1940ల్లో 'రేపటి కోడి' పేరుతో దేశమంతా పోటీ పెట్టారు, మాంసం ఎక్కువ ఇచ్చే కోడిని ఎవరు తయారు చేస్తారా అని. 1948 ఫైనల్లో కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాన్‌ట్రెస్ గెలిచాడు, కార్నిష్‌ని న్యూ హాంప్‌షైర్ జాతితో కలిపిన సంకరంతో. ఇవాళ మనం తినే బ్రాయిలర్‌కి తండ్రి వైపు మూలం కార్నిష్, తల్లి వైపు వైట్ ప్లిమత్ రాక్. అంటే చికెన్ సెంటర్లో తూకం వేసే కోడిలో ఎక్కడో కాస్త అసీల్ రక్తం ఉందన్నమాట. భీమవరం వాళ్లకి ఈ మాట చెబితే మీసం మెలేస్తారు.

గొప్ప చెప్పుకోవడానికి కాదు ఇదంతా. ఆ వ్యాపారం ఎలా నడుస్తోందో చూడండి. కంపెనీలు తండ్రి వంశాన్ని వేరుగా, తల్లి వంశాన్ని వేరుగా తరాలుగా పెంచుతాయి, ఒకదాన్లో ఎదుగుదల, కండ చూస్తాయి, రెండోదాన్లో వాటితోపాటు గుడ్లు కూడా చూస్తాయి, చివర్లో రెండూ కలిపితే పుట్టిన పిల్లని మనకి అమ్ముతాయి. ఆ పిల్లల నుంచి మళ్లీ పిల్లలు తీయరు. రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా కూడా ఇలాంటి సంకరమే, రెండు వేర్వేరు వంశాల్ని కలిపితే వచ్చినదే. మరి మనమేం చేస్తాం? సంకరం పిల్లలు ఏపుగా ఉన్నాయి కదా అని వాటినే అట్టేపెట్టుకుని, ఇక వీటితో పనేముందని పాత నాటు పెట్టల్ని కూర వండేస్తాం.

అలా చేస్తే ఏమవుతుందో కంటికి కనిపించే గుర్తుతో చెబుతాను. అసీల్‌కి నెత్తి మీది జుట్టు పొట్టిగా, ముద్దగా, తలకి అతుక్కుని ఉంటుంది. మామూలు నాటుకోడికి రంపం పళ్లలా నిలువుగా ఉంటుంది. మంచి అసీల్ పుంజుని అలాంటి నాటు పెట్టలతో కలిపితే పుట్టినవన్నీ పొట్టి జుట్టువే. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, బరువులో కూడా పెద్ద తేడాలుండవు, మనకి మహదానందం. ఇప్పుడు ఆ పిల్లల్లోంచే పుంజునీ పెట్టనీ తీసి కలపండి. నాలుగింట ఒకదానికి మళ్లీ నిలువు జుట్టు వస్తుంది. కనిపించే జుట్టే ఇలా విడిపోతే, కనపడని ఎదుగుదల, పొదిగే గుణం, రోగాన్ని తట్టుకునే శక్తి ఎన్ని రకాలుగా విడిపోతాయో ఆలోచించండి. ఒకటి తాతలా, ఒకటి అమ్మమ్మలా, ఇంకోటి ఎవరిలానూ కాకుండా. పైగా మొదటి సంకరంలో అదనంగా వచ్చే సత్తువ ఉంటుందే, గుడ్లు బాగా పిల్లలవడం, పిల్లలు చావకపోవడం లాంటివి, అది రెండో తరానికి సగానికి పడిపోతుంది. బరువు విషయంలో ఆ అదనం మొదటి నుంచీ తక్కువే, పిల్లల బరువు దాదాపు తల్లిదండ్రుల బరువుల మధ్యలో ఉంటుంది. తల్లిదండ్రులిద్దరినీ మించి తూగే పిల్లలొస్తాయని చెప్పి ఎవరైనా పుంజుని ఎక్కువ ధరకి అంటగట్టబోతే నవ్వి వచ్చేయండి.

అందుకే నాటు పెట్టల మంద మీకు ఆస్తి. దాన్ని ఎప్పుడూ స్వచ్ఛంగా కొంత ఉంచుకోవాలి. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లే, వనరాజా పెట్ట 100 దాటి పెడుతుంది, నిజమే. కానీ వనరాజా పొదుగుకి కూర్చోదు. ఇంక్యుబేటర్ కొనాలి, కరెంటు పోతే టెన్షన్, పిల్లలకి బల్బు వెచ్చదనం, ఇదంతా మీ పని. నాటు పెట్ట కింద డజను గుడ్లు పెడితే 21 రోజులు కూర్చుంటుంది, తరవాత పిల్లల్ని వెంటేసుకుని తిప్పి, గద్ద వస్తే రెక్కల కింద దాచి, ఏది తినాలో నేర్పి మీకు అప్పజెబుతుంది. పైసా జీతం లేదు. బరువు తండ్రి నుంచి తెచ్చుకుందాం, తల్లిని మాత్రం మార్చొద్దు.

తండ్రిగా ఎవరు? వనరాజా పుంజు తేలిగ్గా దొరుకుతుంది, పిల్లలు తొందరగా పెరుగుతాయి. అయితే అదే ఒక సంకరం కాబట్టి దాని పిల్లలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. నా ఓటు అసీల్‌కే. ఎదుగుదల నిదానమే, కానీ పిల్లలు చూడటానికి నాటుకోళ్లలా ఉంటాయి, కొనేవాడు మన దగ్గర రంగూ రూపూ చూసే కదా ధర కడతాడు. దీనికి ఒక తలనొప్పి ఉంది. మగపిల్లలు మూడో నెలకే కొట్టుకుంటాయి, వేరుగా పెట్టాలి లేదా ముందే అమ్మేయాలి. ఇంకోటి, నాలుగు కిలోల పుంజుని కిలో పావు పెట్ట మీదికి వదిలితే పాపం దాని వీపు చీరుకుపోతుంది. వయసులో ఉన్న, మరీ బరువెక్కని పుంజుని తీసుకోండి, కాలి ముల్లు మొన అరగదీయండి.

బ్రాయిలర్ పెట్టని పెంచి దాని గుడ్లు పొదిగిస్తే ఎలా ఉంటుందని కూడా అడుగుతారు. వీలవుతుంది, కానీ మీ చేతుల్లో బతకడం కష్టం. వాటికి ఆకలి ఆగదు. కడుపు నిండా పెడితే కాళ్లు పట్టేస్తాయి, గుండె ఆగుతుంది. బ్రీడర్ ఫారాల్లో రోజూ కొలిచి తక్కువ మేత పెట్టి గుడ్ల వయసుదాకా తెస్తారు. పెరట్లో మిగతా కోళ్లతో తిరిగేదానికి ఆ కొలత ఎవరు వేస్తారు?

ఒళ్లంతా నల్లగా ఉండే కడక్‌నాథ్ జాతి గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఈ మోసం బాగా నడుస్తోంది. కడక్‌నాథ్ పుంజుని పసుపు కాళ్ల నాటు పెట్టతో కలిపితే పుట్టిన ఆడపిల్లలు బాగా నల్లగా వస్తాయి, మగపిల్లలు అంత నల్లగా రావు. తల్లి నుంచి ఆ నలుపుని తగ్గించే గుణం కొడుకులకే అందుతుంది, అందుకని. ఆ నల్ల పెట్టల్నే అసలు కడక్‌నాథ్ అని అమ్ముతున్నవాళ్లు ఉన్నారు. పెట్ట నల్లగా ఉందని నమ్మేయకండి, అదే గుంపులో పుట్టిన పుంజుల్ని చూపించమనండి.

ఇక పని ఎలా చేయాలి. పుంజు మారిస్తే వెంటనే గుడ్లు ఏరకూడదు. పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు, మూడు వారాలు నిలవ ఉంటుంది, అంతదాకా పుట్టే పిల్లలు ఎవరివో దేవుడికే తెలియాలి. 3 వారాలు ఆగి మొదలుపెట్టండి. మన ఊళ్లలో అసలు చిక్కు పక్కింటి పుంజు. ఎంత ఖరీదైన పుంజుని తెచ్చినా గోడ దూకి వచ్చేవాడు ఒకడుంటాడు. పెరట్లో ఒక మూల వల కట్టి, ఒక పుంజుతో 8, 10 పెట్టల్ని ఆ 3 వారాలూ, గుడ్లు ఏరినన్నాళ్లూ లోపలే ఉంచడం తప్ప దీనికి మందు లేదు. వారం దాటిన గుడ్డు పొదగేయొద్దు, ఎండాకాలంలో ఇంకా తొందరపడాలి. అసలు వేసవిలో పుంజులూ డీలా పడతాయి, గుడ్లూ మురుగుతాయి, చలికాలం పిల్లలే పిల్లలు.

అందరూ పట్టించుకోని సంగతి ఇప్పుడు చెబుతాను. దసరాకో బోనాలకో కోయాలన్నా, అల్లుడొచ్చాడని వండాలన్నా, బేరగాడికి అమ్మాలన్నా మన చెయ్యి వెళ్లేది మందలో అన్నిటికన్నా పెద్ద పుంజు మీదికే. బాగా పెరిగినది పోతుంది, ఎవరూ కొనని బక్కది మిగులుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ బక్కదే అందరికీ తండ్రి. ఇలా పదేళ్లు చేసి, మా నాటుకోళ్లు చిన్నవైపోయాయి అని బాధపడతాం. దీనికి ఖర్చు లేని పని ఒకటుంది. ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని 12 వారాలప్పుడు తూకం వేయండి, చేపలు తూచే చిన్న కాటా చాలు. ముందున్న రెండు మగపిల్లలకి కాలికి రంగు దారం కట్టండి. దారం ఉన్నదాన్ని అల్లుడొచ్చినా కోయకూడదు. పెట్టల్లో అయితే బరువు చూడకండి, ఎన్ని పిల్లల్ని పెద్ద చేసిందో చూడండి, ఎక్కువ పిల్లల్ని బతికించిన తల్లి కూతుళ్లనే ఉంచుకోండి.

నేను చెప్పేది రెండు లెక్కలు వేరువేరుగా పెట్టుకోమని. అమ్మకానికి, తినడానికి సంకరం పిల్లలు, అది ఒక గుంపు, వాటిలో ఎంత మంచిది పుట్టినా కోతకే. నాటు పెట్టల్ని నిలబెట్టడానికి నాటు పుంజుతోనే పొదిగించే గుంపు ఇంకోటి, దారం కట్టేది ఇందులోనే. మీ పెట్టల్లో మూడో వంతు ఈ రెండో పనికి పోతే చాలు.

ఆ రెండో గుంపులో పుంజు మారుతూ ఉండాలి. ఒక పుంజు, 10 పెట్టలతో బయటిది రాకుండా నడిపితే రక్త సంబంధం తరానికి సుమారు 14 శాతం పెరుగుతుంది. నాలుగైదు తరాలకి గుడ్లు పిల్లలవడం తగ్గిపోతుంది, పిల్లలు వాలిపోతాయి, మనం వాతావరణాన్ని తిడతాం. పుంజుని కొనక్కర్లేదు. ఇక్కడ ఇన్ని ఊళ్ల నుంచి వచ్చారు కదా, దారం కట్టిన పుంజుల్ని ఒకరికొకరు మార్చుకోండి, ఏడాదికోసారి, సంక్రాంతి అయ్యాక అయితే పుంజుల మీద ఎవరి కన్నూ ఉండదు.

మార్చుకున్న పుంజుని తీసుకెళ్లి నేరుగా మందలో వదలొద్దు, అది దయచేసి గుర్తుపెట్టుకోండి. రెండు, మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ల గిన్నెతో ఉంచండి. కొక్కెర తెగులు ఇలాగే ఊరు మారుతుంది. ఆ తెగులు రాకుండా పిల్లలకి మొదటి వారంలో లసోటా టీకా చుక్క, 8 వారాలకి ఆర్‌2బి సూది, పశువుల ఆసుపత్రిలో ఏ రోజు సీసా తెరుస్తారో అడిగి నలుగురు కలిసి ఒకేసారి వేయించుకుంటే మందు వృథా కాదు. ఇక మీరు అడగండి, ముందు ఆ మూల చెయ్యెత్తిన అక్క.