కేదార్‌నాథ్ నడకకి సిక్కోలులో సాధన: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: ఆమదాలవలస నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్కారం మాస్టారూ. దసరాకి మేం ఆరుగురం కేదార్‌నాథ్ ఎల్దామనుకుంటున్నాం, నడిచే. నాకు నలభై ఎనిమిది. రోజూ గ్రౌండులో ఐదు కిలోమీటర్లు నడుస్తాను. సరిపోద్దేటండి?

మాస్టారు: సరిపోదు బాబూ. గ్రౌండు చదును. నడక మొదలయ్యే గౌరీకుండ్ ఎత్తు సుమారు 1,980 మీటర్లు, గుడి 3,580. మన ఇంటి మెట్టు ఆరంగుళాలనుకుంటే, పదివేల మెట్ల పైచిలుకు ఎక్కినట్టు. ఇంకెన్నాళ్లుంది?

కాలర్: పన్నెండు వారాలండి.

మాస్టారు: చాలు. వారానికి మూడు రోజులు నాలుగంతస్తుల మెట్లు పట్టుకోండి. మొదటి వారం ఎనిమిదిసార్లు ఎక్కి దిగండి, పోనుపోను పాతికసార్లకి తీసుకెళ్లండి. బ్యాగులో లీటరు నీళ్ల సీసాలు రెండు నింపి పెట్టుకుని, రెండు వారాలకో సీసా పెంచండి. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా ఓ వాక్యం పూర్తిగా మాట్లాడగలిగేంత నిదానంగా ఎక్కాలి. ఆదివారం సాలిహుండం కొండో, రామతీర్థమో, నాలుగు గంటలు ఎక్కుతూ దిగుతూ ఉండండి. ఆఖరి వారం సగానికి తగ్గించేయండి.

కాలర్: దిగడానికి లిఫ్టు వాడొచ్చా అండి? మోకాళ్లు...

మాస్టారు: నొప్పి లేకపోతే వాడొద్దు. దిగేటప్పుడే తొడ ముందు కండరం సాగుతూ బరువును ఆపాలి. ఆ పని అలవాటు లేకనే తిరుగుదారిలో కాళ్లు వణికిపోతాయి. ఇప్పటికే నొప్పి ఉంటే సీసాలు పైన ఖాళీ చేసి దిగండి. అక్కడికి కొత్త బూటుతో వెళ్లొద్దు, ఇప్పుడే కొని ఈ మెట్ల మీదే అరగదీయండి. దిగేముందు చీలమండ దగ్గర లేసు బిగించాలి, లేదంటే వేళ్లు ముందుకి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.

కాలర్: ఇదంతా చేస్తే ఊపిరాడకపోవడం ఉండదు కదండీ?

మాస్టారు: అది వేరే సంగతి బాబూ, దయచేసి బాగా వినండి. ఇక్కడ సముద్రమట్టంలో ఎంత సాధన చేసినా కాళ్లకీ గుండెకీ బలమే వస్తుంది. అక్కడ గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో మూడింట రెండు వంతులే, దానికి ఒళ్లు అలవాటు పడాలంటే ఎత్తులో రాత్రులు గడపాల్సిందే. బాగా పరిగెత్తే కుర్రాళ్లు కూడా గబగబా ఎక్కేసి తలనొప్పితో పడిపోతుంటారు. మనవాళ్లు కర్పూరం వాసన చూస్తారు, ముక్కు తెరుచుకున్నట్టుంటుంది గానీ ఆక్సిజన్ ఏమీ పెరగదు.

కాలర్: మరేటి చెయ్యాలండి?

మాస్టారు: రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి. ముందు చోప్తాలో ఉండండి, సుమారు 2,700 మీటర్లు. రెండు రాత్రులు అక్కడే. మధ్య రోజు పైనున్న తుంగనాథ్ గుడి, అంటే 3,680 దాకా నడిచి, మళ్లీ కిందికొచ్చి పడుకోండి. తర్వాత ఉఖీమఠ్ మీదుగా, గౌరీకుండ్‌కి ముందొచ్చే సోన్‌ప్రయాగ్ వెళ్లండి.

వ్యాఖ్యాత: చీపురుపల్లి నుంచి అమ్మగారు.

కాలర్: ఎత్తుకి మాత్రలుంటాయట కదా మాస్టారూ?

మాస్టారు: ఎసిటజోలమైడ్ అమ్మా. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు తప్పకుండా డాక్టరుని అడగాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, భయపడకండి. వెళ్లేముందు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. రక్తం తక్కువుంటే పైన ఇంకా ఇబ్బంది.

కాలర్: తలనొప్పి వస్తే దిగిపోవాలా?

మాస్టారు: తలనొప్పి, వికారం మాత్రమే అయితే ఉన్నచోటే ఆగండి, ఇంక పైకి వద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తూలుతున్నా తెల్లారేదాకా చూడొద్దు. నేల మీద గీత గీసి ముందుకాలి మడమకి వెనకకాలి వేళ్లు ఆనించి పది అడుగులు నడిపించండి. తడబడితే అప్పుడే కిందికి దించాలి, పక్కన ఒకరు ఉండి మరీ.