కరెంటు బిల్లు ఎవరు కడతారు?

శ్రోతలందరికీ నమస్కారం.

గ్రంథాలయానికి బీరువా ఇచ్చే దాతలు దొరుకుతారు. బీరువా మీద వాళ్ళ పేరు ఉంటుంది కదా! పుస్తకాలిచ్చేవారూ దొరుకుతారు. కరెంటు బిల్లు కట్టేవారు దొరకరు. సాయంత్రం తాళం తీసే మనిషికి జీతమిచ్చేవారు అసలే దొరకరు. బీరువాల నిండా పుస్తకాలుండీ తలుపు తెరుచుకోని గ్రంథాలయాన్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆంధ్రలో ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఒడిశాలో ఉన్న మనకు ఆ ఆసరా లేదు. మన చందా మనమే పోగుచేసుకోవాలి.

పర్లాకిమిడిలో ఒక వీధి గ్రంథాలయం ఉందనుకుందాం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు, ఉదాహరణకైనా ఆ పేరే నా నోటికొస్తుంది. కమిటీవారు కూర్చుని మొదట నెల ఖర్చు రాయాలి. తాళం తీసి, పుస్తకాలిచ్చి పుచ్చుకునే మనిషికి 6,000. పేపర్లకు 900. కరెంటుకు 600. మొత్తం 7,500. ఇంతే. కొత్త భవనం ఊసు ఆ కాగితం మీదికి రాకూడదు. నెలకు 50 రూపాయల చొప్పున 150 ఇళ్ళు ఇస్తే ఖర్చుకు సరి. కానీ అన్ని ఇళ్ళూ ప్రతి నెలా ఇవ్వలేవు. పిల్ల ఫీజులంటారు, పెళ్ళంటారు, ఊరెళ్ళామంటారు. అందుకని 200 ఇళ్ళు మాట్లాడుకోవాలి.

అన్ని తెలుగు ఇళ్ళు ఎక్కడ దొరుకుతాయంటారా? ఒడియా ఇళ్ళకూ వెళ్ళండి. వెళ్ళేముందు ఒక ఒడియా పేపరు వేయించండి, పిల్లల ఒడియా కథల పుస్తకాలకు ఒక అర ఖాళీ చేయండి. మన పిల్లలు కూడా అవి చదువుతారు, చదవాలి.

ప్రతి నెలా మొదటి వారంలో వచ్చినదెంతో, ఖర్చయినదెంతో తలుపు పక్కన బోర్డు మీద రాయండి. తెలుగులో రాయండి, ఒడియాలోనూ రాయండి. చందా ఇచ్చినాయన ఆగి చదువుకుంటాడు. లెక్క కనిపిస్తే వచ్చే నెల అడగకుండానే ఇచ్చేవాళ్ళుంటారు.

పెద్ద దాతల సంగతి ఆ తర్వాత. గ్రంథాలయాలకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, కలకత్తాలో 1972లో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఉంది. కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చుపెట్టే సీఎస్ఆర్ నిధులు ప్రజా గ్రంథాలయాలకూ ఇవ్వవచ్చు. ఎవరి దగ్గరికెళ్ళినా రిజిస్ట్రేషన్, ఆడిట్ లెక్కలు అడుగుతారు. నెలనెలా బోర్డు మీద రాసిన కమిటీకి ఆడిట్ అంటే టెన్షన్ ఉండదు. ఒక్క జాగ్రత్త. పన్ను మినహాయింపు కోరే దాత 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు. చెక్కు తీసుకోండి, యూపీఐ అయినా సరే.

50 రూపాయలకూ రసీదు ఇవ్వాలి. ముందు రసీదు పుస్తకం అచ్చు వేయించి, తర్వాతే ఇల్లిల్లూ తిరగండి. సెలవు, నమస్కారం.