"యేసు నామంలో" అంటున్నాం, ఆ అధికారం మనకు ఎక్కడిది?

[దృశ్యం: చెన్నై, తిరుమయిలై రైల్వే స్టేషన్ దగ్గర బకింగ్‌హామ్ కాలువ. ఉదయం. వక్త కాలువ గట్టున నిలబడి ఉన్నారు.]

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

పోయిన నెల మా తెలుగు కూడికలో ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. ఆమెది నెల్లూరు వైపు. ఇక్కడ చెన్నైలో ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం. వాళ్ల అమ్మగారికి చాలా రోజులుగా ఒంట్లో బాగాలేదు. తెలిసినవాళ్లు ఎవరో, "నువ్వు అధికారంతో ప్రార్థించడం లేదమ్మా, గొంతెత్తి గద్దించు, అప్పుడే పోతుంది" అని చెప్పారట. పాపం, వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని గద్దించింది. గొంతు బొంగురుపోయింది. అమ్మగారి జబ్బు అలాగే ఉంది. కూడిక అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, నాకు అధికారం లేదా? అసలు నేను దేవుని బిడ్డనేనా?" అని అడిగింది.

ఆ రెండో ప్రశ్న వినగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. విశ్వాసికి ధైర్యం ఇవ్వాల్సిన మాట ఆమెకు టెన్షన్‌గా మారిపోయింది. అందుకే ఈ వీడియో.

[తెర మీద: యోహాను 1:12]

అధికారం అనగానే మనకు దయ్యాలు, రోగాలు, చేతబడులు గుర్తొస్తాయి. మన తెలుగు బైబిల్లో యోహాను సువార్త మొదటి అధ్యాయంలోనే ఆ మాట ఉంది, చూడండి. "తన్ను ఎందరంగీకరించిరో వారికందరికి, అనగా తన నామమునందు విశ్వాసముంచినవారికి, దేవుని పిల్లలగుటకు ఆయన అధికారము అనుగ్రహించెను."

దేనికి అధికారం? పిల్లలు అవడానికి. యోహాను ఇక్కడ వాడిన గ్రీకు మాట ఎక్సూసియా. లూకా 10:19లో "శత్రువు బలమంతటిమీదను మీకు అధికారము అనుగ్రహించియున్నాను" అని యేసు అన్నచోట కూడా అదే మాట. అక్కడ శత్రువు బలానికి వాడిన మాట వేరు, డునామిస్. శత్రువుకు బలం ఉందని యేసు దాచలేదు. ఆ బలం మీద మనకు అధికారం ఇచ్చాడు. బలం వేరు, హక్కు వేరు. బలం చూపించాలంటే కండలు కావాలి, అరుపు కావాలి. హక్కుకు అవేవీ అక్కర్లేదు. అది ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఈ రెండూ తేలితే చాలు.

[దృశ్యం: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట క్యూ, చేతుల్లో ఫైళ్లు.]

మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మా అన్నయ్య కువైట్‌లో ఉంటాడు. ఆవడి దగ్గర ఆయన పేరు మీద చిన్న స్థలం ఉండేది. అమ్మడానికి తను రాలేక, అక్కడ మన ఎంబసీలో సంతకం పెట్టి నాకు జీపీఏ పంపించాడు, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారపత్రం. నేను ఆ కాగితం పట్టుకుని రిజిస్ట్రేషన్‌కి వెళ్లాను. కౌంటర్‌లో ఆయన అడిగింది ఒక్కటే, "యార్ సార్బా?" అని. ఎవరి తరఫున అని. నా జీతం అడగలేదు, నేను రోజుకెన్ని గంటలు ప్రార్థిస్తానో అడగలేదు. కాగితం చూపించి మెల్లగా మా అన్నయ్య పేరు చెప్పాను. నా సంతకం చెల్లింది.

"యేసు నామంలో" అంటే అచ్చంగా అది. "యేసు తరఫున" అని.

ఆ జీపీఏలో ఇంకో సంగతి కూడా ఉంది. స్థలం అమ్మే అధికారం నాకుంది, వచ్చిన డబ్బుతో కారు కొనుక్కునే అధికారం నాకు లేదు. అన్నయ్య ఇష్టం ఎంతవరకో నా సంతకం అంతవరకే. మనం ఏది కోరుకున్నా చివర్లో "యేసు నామంలో" అని చేరిస్తే చెల్లిపోతుందని చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు. యేసే తన గురించి "తనంతట తాను ఏదియు చేయనేరడు" అన్నాడు, యోహాను 5:19లో. కపెర్నహూములో తన దాసుణ్ణి బాగుచేయమని యేసును అడిగిన రోమా శతాధిపతికి ఇది అర్థమైంది. "నేను కూడ అధికారమునకు లోబడినవాడను" అన్నాడు. తన కింద వంద మంది సైనికులున్నా ముందు ఆ మాటే చెప్పాడు. లోబడినవాడి మాటకే కిందివాళ్లు లోబడతారు.

రిజిస్ట్రేషన్ పనులు తెలిసినవాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే ఆ కాగితం అక్కడితో ఆగిపోతుంది కదా? అవును. వీలునామా అయితే దానికి ఎదురు, రాసినవాడు చనిపోయాకే అమల్లోకి వస్తుంది. హెబ్రీ పత్రిక 9:16లో మన తెలుగు బైబిల్ వాడిన మాట "మరణశాసనము". అది రాసినవాడి మరణం తప్పనిసరి అని అక్కడే ఉంది. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసిన రోజు నా ఒళ్లు పులకరించింది. యేసు చనిపోయాడు కాబట్టి వారసత్వం మనకు దక్కింది. మూడో రోజున లేచాడు కాబట్టి ఆయన పేరు మీద మనకున్న అధికారం ఆగిపోలేదు. "పరలోకమందును భూమిమీదను నాకు సర్వాధికారము ఇయ్యబడియున్నది" అని ఆయన చెప్పింది కూడా తిరిగి లేచాకే.

[తెర మీద: అపొస్తలుల కార్యములు 19:13–16]

కాగితం లేకుండా పేరు మాత్రమే వాడినవాళ్లూ ఉన్నారు. ఎఫెసులో స్కెవ అనే ప్రధానయాజకుడి కొడుకులు ఏడుగురు. "పౌలు ప్రకటించు యేసు" పేరు చెప్పి దయ్యాన్ని వెళ్లగొట్టబోయారు. "నేను యేసును గుర్తెరుగుదును, పౌలునుకూడ ఎరుగుదును, గాని మీరెవరు" అని అడిగింది అది. దయ్యం పట్టినవాడు మీద పడి కొట్టడంతో ఆ ఏడుగురూ గాయాలతో, ఒంటి మీద బట్ట లేకుండా పరుగెత్తారు. వాళ్లు పలికిన మాటల్లో తప్పు లేదు. వాళ్లకు యేసు ఎవరో తెలియదు, పౌలుకు తెలిసిన యేసు మాత్రమే తెలుసు.

"మీరెవరు?" అన్న ఆ ప్రశ్నకు మన తెలుగువాళ్లం ఎలా జవాబు చెబుతామో ఒక్కసారి ఆలోచించండి. ఊరు మారి చెన్నై వచ్చినా, మొదటి పరిచయంలోనే "మీదే ఊరు? ఇంటిపేరేంటి?" అని అడుగుతారు. ఆ అడగడం వెనక ఏ ఆరా ఉందో మనకు తెలుసు. బాధతో చెబుతున్నాను, కొన్ని సంఘాల్లో కూడా పెళ్లి సంబంధాల దగ్గర ఇదే ఆరా. మరి రోమా 8:15లో పౌలు ఏమంటున్నాడు? మీరు "దత్తపుత్రాత్మ"ను పొందారు, ఆ ఆత్మ వలన "అబ్బా తండ్రీ" అని మొరపెడుతున్నారు అంటున్నాడు. "అబ్బా" అంటే నాన్నా అని. దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు మారుతుంది. పాత ఇంటి లెక్కలు వాడికి ఇక వర్తించవు.

[దృశ్యం: కెమెరా కాలువ వైపు తిరుగుతుంది. పైన రైలు వెళ్తోంది.]

ఈ కాలువ దగ్గర ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు చెప్తాను. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరువు. కరువు పనుల్లో భాగంగా ఈ బకింగ్‌హామ్ కాలువను పొడిగించి తవ్వించారు. చెన్నైలో అడయార్ నదిని కూవం నదితో కలిపే ముక్క కూడా అప్పటిదే. ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ, అటువైపు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. తవ్వినవాళ్లలో చాలామంది మాదిగలు. ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు కూడా లేనివాళ్లు. కరువు ఉన్నన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది దొరగారు కాదు, తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని రోజంతా ఇచ్చారు.

మావాళ్లది ఒంగోలు ప్రాంతమే. ఆ రోజు ఆ ఏట్లో దిగినవాళ్లకు ఊళ్లో పరపతి లేదు, భూమి లేదు. "దేవుని పిల్లలగుటకు అధికారము" అన్న మాట మాత్రం వాళ్ల చెవిన పడింది. ఆ మాట నమ్మి తలెత్తుకుని నడిచారు. అధికారం అంటే నాకు ముందుగా కనిపించేది ఆ నడకే.

[దృశ్యం: వక్త గట్టు మెట్ల మీద కూర్చుంటారు, చేతిలో బైబిల్.]

మళ్లీ చెల్లెమ్మ ప్రశ్నకు వద్దాం. జబ్బు తగ్గకపోతే విశ్వాసం లేనట్టేనా? పౌలుకు ఉన్నంత అధికారం ఎవరికుంది చెప్పండి. ఆయన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్నదే జవాబు. తన తోటి పనివాడు త్రోఫిము రోగిగా ఉంటే అతన్ని మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. వాళ్లను తక్కువ విశ్వాసులని ఎవరంటారు? మంచం పక్కన కూర్చున్న మనిషితో "నీ విశ్వాసం చాలదు" అనడం క్రూరత్వం. దయచేసి ఆ మాట అనకండి. డాక్టరు రాసిన మందులు ఆపమని ఎవరైనా అంటే వినకండి.

మరి అపవాదిని, అంటే సాతానును, ఎదిరించొద్దా? తప్పకుండా ఎదిరించాలి. కానీ యాకోబు 4:7 సగం నుంచి చదవకండి. "దేవునికి లోబడియుండుడి" అన్నది ముందు ఉంది, "అపవాదిని ఎదిరించుడి" అన్నది ఆ తర్వాత. "నువ్వు పనికిరావు, నిన్ను దేవుడు వదిలేశాడు" అని రాత్రిపూట మనసులోకి వచ్చే మాట ఉంది చూడండి, ముందు దాన్ని ఎదిరించండి. నేను ఎవరి బిడ్డనో చెప్పండి. మెల్లగా చెప్పినా చెల్లుతుంది.

దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయని డెబ్బై మంది శిష్యులు సంతోషంతో తిరిగి వచ్చినప్పుడు యేసు, దానికి సంతోషించకండి, "మీ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నవని" సంతోషించండి అన్నాడు. కూడిక జరిగిన ఆ రాత్రి ఈ వచనం ఆ చెల్లెమ్మకు చదివి వినిపించాను. "నా పేరు కూడా ఉందా అన్నయ్యా?" అంది. ఉందమ్మా అన్నాను.

ఇప్పుడు ఆమె ప్రార్థన "నాన్నా" అని మొదలవుతోంది. అమ్మగారికి ఇంకా వైద్యం జరుగుతూనే ఉంది. వాళ్లిద్దరి కోసం మీరూ ప్రార్థించండి.