కప్పు మీద పువ్వు కన్నా ముందు

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది కాఫీ కప్పు మీద ఆకో, హంసో గీయడం నేర్చుకుందామని వచ్చారని నాకు తెలుసు. నేనూ అలాగే వచ్చాను. కాఫీ షాపులో పనిలో చేరిన మూడో నెలకే లాటే మీద, అంటే నురగ పాలు కలిపిన కాఫీ మీద, ఆకు చక్కగా దిగేది. ఒకరోజు ఒక పెద్దావిడ కప్పు చూసి "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అని ఫోటో తీసుకున్నారు. రెండు గుక్కలు తాగి, కప్పు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. తీయడానికి వెళ్తే ఆకు సగానికి పైగా అలాగే ఉంది. అనుమానం వచ్చి, గ్రైండర్ అదే సెట్టింగ్‌లో ఇంకో షాట్, అంటే ఒక విడత చిక్కటి కాఫీ, తీసి తాగాను. నాలుక పక్కలు జివ్వుమనేంత పులుపు. పొద్దున్నుంచి అందరికీ అదే పోస్తున్నాను. ఒక్కసారి కూడా రుచి చూడలేదు.

అందుకే ఇవాళ పాలు, బొమ్మలు తర్వాత. ముందు నాలుక.

ఎస్ప్రెస్సో అంటే మెత్తగా నూరిన పొడి గుండా వేడినీళ్లను గట్టి ఒత్తిడితో పంపడం. 1884లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఆంజెలో మొరియోండో పేటెంట్ తీసుకున్న యంత్రం ఆవిరి బలం మీదే నడిచేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అకిలే గాజ్జా స్ప్రింగు లివర్‌తో ఒత్తిడిని బాగా పెంచాక, కప్పు మీద ఆ బంగారు రంగు నురగ, అదే క్రెమా, వచ్చింది. ఇప్పుడు మన మెషిన్లు దాదాపు 9 బార్ల ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లు, ఇస్తాయి. నీళ్ల వేడి 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉంటుంది.

అంత ఒత్తిడిలో నీళ్లు సులువైన దారి వెతుక్కుంటాయి. పొడి పోసే చిల్లుల గిన్నెలో, అదే బాస్కెట్‌లో, పొడి ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క వదులుగా ఉంటే ఆ వదులు చోటునుంచే దూసుకుపోతాయి. అక్కడ పొడి మరీ పిండినట్టయి చేదు దిగుతుంది, మిగతా చోట సారం దిగనే దిగదు. పులుపూ చేదూ ఒకే కప్పులో తగిలితే ముందు అనుమానించాల్సింది దీన్నే. కాబట్టి పొడి ముద్దలు విడగొట్టి సమంగా పరచండి, పొడిని నొక్కే ట్యాంపర్‌ను తిన్నగా దించండి. ఎంత బలంగా నొక్కాలని అందరూ అడుగుతారు. బలం కన్నా ముఖ్యం, వంకర లేకుండా నొక్కడం, ప్రతిసారీ ఒకేలా నొక్కడం.

మొదలు పెట్టడానికి ఒక లెక్క చెప్తాను. 18 గ్రాముల పొడి, కప్పులోకి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. కొలత కళ్లతో కాదు, తూకంతో చూడండి. కొత్తగా వేయించిన గింజల్లో గ్యాస్ ఎక్కువ, నురగ పొంగి కప్పు నిండినట్టే కనిపిస్తుంది, తూస్తే సగమే ఉంటుంది. ఇక 36 గ్రాములు 15 సెకన్లలోనే వచ్చేశాయంటే పొడి బరకగా ఉంది, కాఫీ పల్చగా, పుల్లగా ఉంటుంది. 45 సెకన్లు పట్టిందంటే పొడి మరీ మెత్తన, చేదూ వగరూ ఎక్కువవుతాయి. గ్రైండర్‌ను కొంచెం తిప్పండి, పాత సెట్టింగ్‌తో లోపల మిగిలిన పొడిని కాస్త పారబోసి, మళ్లీ తీయండి. ఇక్కడ కొత్తవాళ్లు టెన్షన్‌లో చేసే పొరపాటు ఒకటుంది. పొడి బరువు, గ్రైండ్ (అంటే పొడి ఎంత మెత్తగా ఉందన్నది), కప్పులో కాఫీ బరువు, మూడూ ఒకేసారి మార్చేస్తారు. తర్వాతి షాట్ బాగున్నా ఎందుకు బాగుందో తెలియదు. ఒక్కటే మార్చండి, తాగి చూడండి, అప్పుడు రెండోది.

ఈ లెక్క కూడా దేవుడిచ్చిందేమీ కాదు. పొద్దున కుదిరిన గ్రైండ్ మధ్యాహ్నం కుదరకపోవచ్చు. గాలిలో తేమ మారుతుంది, గ్రైండర్ వేడెక్కుతుంది, గింజలు రోజురోజుకీ పాతబడతాయి. అందుకే షాపు తెరవగానే ఒకసారి, మధ్యలో ఒకటి రెండుసార్లు రుచి చూడాల్సిందే.

పాల సంగతికొస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలే తీసుకోండి. పాలు కాచే చెంబులో, అదే పిచ్చర్‌లో, మూతి మొదలయ్యే చోటుకి కాస్త కింద వరకే పోయండి. ఆవిరి వచ్చే గొట్టం, అదే వాండ్‌లోని నీళ్లు బయటికి వదిలేశాక, దాని కొసను పాల పైపొరకు కాస్త కిందగా ఉంచి ఆవిరి తెరవండి. కాగితం చింపుతున్నట్టు సన్నటి చప్పుడు రావాలి. అది గాలి లోపలికి పోతున్న చప్పుడు. పిచ్చర్ గోరువెచ్చన అయ్యేలోపే గాలి పట్టించడం అయిపోవాలి. తర్వాత కొసను ఇంకొంచెం ముంచి, పాలు సుడి తిరిగేలా పట్టుకోండి. పెద్ద బుడగలు ఆ సుడిలో నలిగి కలిసిపోతాయి. అడుగున పెట్టిన చెయ్యి ఇక ఆగలేనంత వేడెక్కితే ఆపండి, దాదాపు 60 డిగ్రీలు. 70 దాటితే ఉడికిన వాసన వస్తుంది, తియ్యదనం పోతుంది. పాలు సరిగ్గా కుదిరితే తడి పెయింట్‌లా మెరుస్తాయి. ఇది చేతికి అలవాటయ్యే దాకా పాలు వృథా చేయక్కర్లేదు. చల్లటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి సాధన చేయండి, నురగ దాదాపు అలాగే కడుతుంది. నేను వారాల తరబడి అలాగే చేశాను. అయితే ఆ పిచ్చర్‌నూ, వాండ్‌నూ బాగా కడిగాకే మళ్లీ పాలు ముట్టుకోండి.

ఆవిరి ఆపిన మరుక్షణం తడిబట్టతో వాండ్ తుడిచి, ఒకసారి ఆవిరి వదలాలి. అర నిమిషం ఆలస్యమైనా పాలు ఎండి అంటుకుపోతాయి. ఆ బట్ట దానికొక్కదానికే. రోజు చివర మెషిన్‌లో వేడినీళ్లు దిగే భాగాన్ని, అదే గ్రూప్ హెడ్‌ను, శుభ్రం చేసే పౌడర్ వేసి బ్యాక్ ఫ్లష్ చేయాలి, అంటే నీళ్లను వెనక్కి మళ్లించి కడగాలి, గింజల డబ్బాలో పట్టిన నూనె తుడవాలి. ఆ నూనె కంపు రేపటి మొదటి కప్పులోనే తెలిసిపోతుంది. ఈ విషయంలో మాత్రం నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ఇంకొక్క మాట. ఎవరైనా "చేదుగా ఉంది" అంటే వాదించకండి. చాలామంది పులుపును కూడా చేదు అనే అంటారు. "మళ్లీ చేసిస్తానండీ" అనండి, ఆ లోపు అదే సెట్టింగ్‌లో తీసిన షాట్ మీరొక గుక్క తాగి చూడండి. ఏం మార్చాలో మీ నాలుక చెప్తుంది.

ఇప్పుడు అందరూ మెషిన్ దగ్గరికి రండి. ఇక్కడ మూడు చిన్న కప్పులున్నాయి. ఒకే షాట్‌ను మూడు ముక్కలుగా పడతాను. మొదటి పది సెకన్లది ఒకదాంట్లో, మధ్యది ఇంకోదాంట్లో, చివరిది మూడోదాంట్లో. మొదటిది చిక్కగా, పుల్లగా, కాస్త ఉప్పగా ఉంటుంది. మధ్యది తియ్యదనం వైపు వస్తుంది. చివరిది పల్చగా, చేదుగా ఉంటుంది. విడివిడిగా ఏదీ బాగుండదు. మూడూ తాగాక, మిగిలినవన్నీ ఒక కప్పులో కలిపి మళ్లీ తాగుతాం. చెంచాలు తీసుకోండి. ముందు వరసలో ఉన్నవాళ్లు రండి, మొదటి కప్పు మీదే.